ఇంప్లాంట్లపై హైడ్రాక్సీఅపటైట్ పూతలు: మందానికీ మన్నికకూ మధ్య సమతుల్యత

అరిగిపోయిన తుంటి కీలు స్థానంలో అమర్చే కృత్రిమ కీలు కాడ తొడ ఎముక లోపలికి దిగి ఉంటుంది. సిమెంటు వాడకుండా అమర్చే కాడలను ఎక్కువగా టైటానియం మిశ్రమలోహంతో తయారుచేస్తారు. శరీర భారాన్ని మోయగల బలం ఆ లోహానికి ఉంది. అయితే కీలు దీర్ఘకాలం నిలవాలంటే ఎముక దానిని గట్టిగా పట్టుకోవాలి. పట్టు సడలితే నొప్పి మొదలై, మరొకసారి శస్త్రచికిత్స అవసరమవుతుంది. అందువల్ల లోహపు ఉపరితలానికి అంతటి ప్రాధాన్యం ఏర్పడింది.

టైటానియం గాలి తగిలిన వెంటనే తనపై కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొరను ఏర్పరచుకుంటుంది. ఈ పొర లోహాన్ని తుప్పు నుండి కాపాడుతుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్లపై చేసిన ప్రయోగాలలో, టైటానియం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోవడాన్ని గమనించాడు. 1965లో ఆయన తొలి రోగికి టైటానియం దంత ఇంప్లాంట్లను అమర్చాడు. అయినప్పటికీ ఆక్సైడు పొర ఎముకను వ్యతిరేకించదే గాని, దాని పెరుగుదలను చురుకుగా ప్రేరేపించదు.

ఆ లోటును తీర్చడానికి హైడ్రాక్సీఅపటైట్ ఉపయోగపడుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్ పరమాణువులు 1.67 నిష్పత్తిలో ఉండే ఈ పదార్థం ఎముకలోని ఖనిజానికి అతి సన్నిహితమైనది. పెళుసుదనం వల్ల దీనితోనే కీలు మొత్తాన్ని నిర్మించడం సాధ్యం కాదు. లోహంపై పూతగా వాడవచ్చు. శరీరద్రవంలో పూత కొద్దిగా కరగగా విడుదలైన అయాన్లు తిరిగి ఉపరితలంపై అపటైట్‌గా పేరుకుంటాయి. దానిపై ప్రోటీన్లు, ఆపై ఎముకను నిర్మించే కణాలు చేరుతాయి.

1980లలో తుంటి కీళ్లపై వాడుకలోకి వచ్చిన పద్ధతి ప్లాస్మా స్ప్రే. ఇందులో పూత సాధారణంగా 50 నుండి 200 మైక్రోమీటర్ల మందం ఉంటుంది. ప్లాస్మా ఉష్ణోగ్రత 10,000 డిగ్రీలను మించగలదు. ఆ వేడికి హైడ్రాక్సీఅపటైట్‌లో కొంత భాగం విచ్ఛిన్నమై, త్వరగా కరిగే ఇతర ఫాస్ఫేట్లుగా మారుతుంది. చల్లారేటప్పుడు లోహం, పూత వేర్వేరుగా సంకోచించడంతో లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. పూత మందమైన కొద్దీ పగిలి ఊడే ప్రమాదం పెరుగుతుంది. ఊడిన రేణువులు కీలు గుండు, గిన్నెల మధ్య చేరితే అరుగుదల అధికమవుతుంది.

శూన్యస్థితిలో జరిపే స్పట్టరింగ్, పల్స్ లేజర్ నిక్షేపణ పద్ధతులలో సుమారు ఒక మైక్రోమీటరు లేదా అంతకన్నా పలుచని పూతలు వేయవచ్చు. ఇవి లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. అయితే తక్కువ ఉష్ణోగ్రతలో వేసిన పూతకు స్ఫటిక నిర్మాణం సరిగా ఏర్పడదు. అది త్వరగా కరిగిపోతుంది. వేడిచేసి స్ఫటికీకరిస్తే కరిగే వేగం తగ్గుతుంది గాని, వేడి మితిమీరితే పగుళ్లు రావచ్చు.

కాబట్టి పూత ఎంత మందంగా ఉందన్నది మాత్రమే నాణ్యతకు కొలమానం కాదు. ఎముక అల్లుకొనే తొలి మాసాల వరకు పూత నిలవాలి. ఆ తరువాత అది కరిగినా ఎముక నేరుగా లోహాన్ని పట్టుకొని ఉండాలి. పూత పట్టును పొడి స్థితిలోనే గాక, 37 డిగ్రీల వద్ద శరీరద్రవాన్ని పోలిన ద్రావణంలో ఉంచిన తరువాత కూడా పరీక్షించవలసి ఉండటానికి కారణమిదే.