ట్రాక్టరు పి.టి.ఓ. వేగము - పనిముట్టుకు తగినట్లు కుదుర్చుకొనుట

ధర్మపురి పరిసరములలో గోదావరి ఒడ్డున వరి, మెట్ట చెల్కలలో మక్కజొన్న, పసుపు పండించు రైతులకు ట్రాక్టరు నేడు దున్నుటకు మాత్రమే కాదు. కరిగెటలో రొటవేటరు తిప్పుటకు, మక్కలు ఒలుచుటకు, వడ్లు నూర్చుటకు, గడ్డి కట్టలు కట్టుటకు కూడ దాని ఇంజను శక్తియే ఆధారము. ఆ శక్తిని వెనుకనున్న పనిముట్టుకు అందించు చిన్న ఇరుసునే పి.టి.ఓ. షాఫ్టు అందురు. ట్రాక్టరు కొనునపుడు ఎన్ని అశ్వశక్తులని అడుగని రైతు లేడు. ఈ ఇరుసు నిముషమునకు ఎన్ని చుట్లు తిరుగునని అడుగువారు మాత్రము తక్కువ.

మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఈ వేగము నిముషమునకు 540 చుట్లు. ఇరుసు 35 మిల్లీమీటర్ల లావుండి ఆరు పళ్లు కలిగియుండును. 1918లో అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ పి.టి.ఓ. గల ట్రాక్టరును అమ్మకమునకు తెచ్చెను. ఒక కంపెనీ ట్రాక్టరుకు మరొక కంపెనీ పనిముట్టును తగిలించుటకు వీలుగా తరువాత ఈ వేగమును ప్రమాణముగా నిర్ణయించిరి. ఎక్కువ శక్తి కోరు యంత్రములకై 1000 చుట్ల వేగము పిమ్మట వచ్చినది. దాని ఇరుసుకు సన్నని పళ్లు ఇరువదియొకటి ఉండును. అయితే పళ్లు లెక్కించి ధైర్యముగా ఉండరాదు. ఆరు పళ్ల ఇరుసునే లివరు మార్చి 1000 చుట్లు తిప్పు ట్రాక్టర్లు కూడ కలవు.

540 అనగా ఎల్లప్పుడును 540 కాదు. ఇంజను ఒక నిర్ణీత వేగమున తిరుగునపుడే ఆ సంఖ్య వచ్చును. మీ ట్రాక్టరు పుస్తకములో 1800 ఇంజను చుట్లకు 540 అని యున్నదనుకొనుడు. ఇంజను 1200 వద్ద నడచినచో ఇరుసు 360 చుట్లే తిరుగును. 2200కు పెంచినచో 660కి చేరును. మీటరు మీద 540 అని గుర్తు పెట్టియుందురు. పని జరుగుచుండగా ముల్లు ఆ గుర్తు వద్ద నిలువవలెను. మీటరు చెడిపోయినచో ముందు దానిని బాగు చేయించుడు. చెవితో అంచనా వేయు అలవాటు నమ్మదగినది కాదు.

మన డ్రైవర్లు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. రొటవేటరుతో మట్టి మెత్తబడనిచో బండిని నెమ్మదిగా నడుపవలెనని రేసు తగ్గింతురు. దాని ఫలమేమో లెక్క వేసి చూడుడు. బండి గంటకు 3 కిలోమీటర్లు నడచిన, నిముషమునకు 50 మీటర్లు. రొటవేటరు ఇరుసు 200 చుట్లు తిరుగుచు, ఒక వరుసలో మూడు కత్తులున్న, నిముషమునకు 600 కోతలు. ఒక్కొక్క కోతకు సుమారు 8 సెంటీమీటర్ల మట్టి తెగును. రేసు మూడవ వంతు తగ్గించితిరా, బండి వేగముతో పాటు కత్తుల వేగము కూడ మూడవ వంతు తగ్గును. కోత మరల 8 సెంటీమీటర్లే! పెడ్డలు పెడ్డలుగానే యుండును, ఇంజను మాత్రము బరువుకు మూలుగును. అట్లుగాక రేసును 540 గుర్తు వద్దనే ఉంచి, గేరు తగ్గించి గంటకు 2 కిలోమీటర్లు నడుపుడు. కోత ఐదున్నర సెంటీమీటర్లకు దిగును. ముందుకు నడచు గేరు మార్చినందున ఇంజను పి.టి.ఓ. వేగము మారదు. గంటల లెక్కన కిరాయికి దున్నించుకొను రైతు తన మడిలో బండి ఏ గేరులో నడచుచున్నదో గమనించుట మంచిది.

శక్తి విషయమున ఒక మాట. ఇంజను అశ్వశక్తి అంతయు పి.టి.ఓ. వద్దకు చేరదు, సాధారణముగా 85 పాళ్ల వరకు అందును. 40 అశ్వశక్తుల బండి వెనుక 34 అని తలంచి పనిముట్టును ఎన్నుకొనుడు. కొన్ని బండ్లలో తక్కువ ఇంజను వేగముననే 540 చుట్లిచ్చు పొదుపు లివరుండును. మందు చల్లుట వంటి తేలిక పనులకు అది డీజిలును ఆదా చేయును. రేగడిలో లోతుగా రొటవేటరు వేయుటకు అది తగదు.

నూర్పిడి యంత్రములలో వేగము తప్పినచో నష్టము కల్లములోనే కనబడును. తక్కువైన గింజ గడ్డిలో పోవును. ఎక్కువైన గింజ పగులును. విత్తనపు వరి సాగుచేయువారికి ఇది మరింత ముఖ్యము, ఏలయన పగిలిన గింజ మొలవదు. ఇరుసు కప్పీ 40 సెంటీమీటర్లు, డ్రమ్ము కప్పీ 30 సెంటీమీటర్లు అయినచో, 540ని 40తో హెచ్చించి 30తో భాగించిన డ్రమ్ము వేగము 720 వచ్చును. ఈ సంఖ్యను యంత్రము రేకుపై నున్న సంఖ్యతో పోల్చుడు. రేకు ఊడిపోయిన పాత యంత్రమైనచో తయారీదారును గాని, పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమును గాని అడిగి తెలిసికొనుడు.

540కి చేసిన యంత్రమును 1000కి తగిలించుట ప్రాణాపాయము. వేగము రెండింతలు కూడ కాలేదు గదా యనవచ్చును. కాని తిరుగు డ్రమ్ముపై పడు లాగుడు వేగపు వర్గము ననుసరించి పెరుగును గనుక, అది సుమారు మూడున్నర రెట్లగును. బోల్టులు, పళ్లు ఊడి ఎగురుటకు అది చాలును. లివరు ఏ స్థానమున నున్నదో చూడకుండ క్లచ్చు వదలరాదు.

540 వేగము కూడ తక్కువది కాదు. సెకనుకు తొమ్మిది చుట్లు. ఏడు సెంటీమీటర్ల లావు గల షాఫ్టు సెకనుకు సుమారు రెండు మీటర్ల బట్టను చుట్టుకొనును. పంచె కొంగో, చీర చెరగో, మెడలోని తువ్వాలో తగిలినచో డ్రైవరు క్లచ్చు తొక్కులోపల అంతయు ముగియును. షాఫ్టు పైనుండు ప్లాస్టిక్ తొడుగును అడ్డమని తీసివేయు వారున్నారు. దానిని వెంటనే మరల తొడిగింపుడు. తిరుగు షాఫ్టును దాటరాదు. గడ్డి ఇరుకుకొనినచో పి.టి.ఓ.ను విడదీసి, ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొని పిదప చేయి పెట్టుడు.

షాఫ్టునకు షియర్ బోల్టున్నచో అది తెగుటకే పెట్టబడినది. రాయి తగిలినపుడు బోల్టు తెగి గేరుపెట్టె మిగులును. తరచు తెగుచున్నదని గట్టి బోల్టో, మేకో దూర్చితిరా, తదుపరి రాతికి గేరుపెట్టెయే విరుగును. కంపెనీ చెప్పిన బోల్టులను నాలుగింటిని పనిముట్ల పెట్టెలో ఉంచుకొనుడు. మడి చివర మళ్లునపుడు రొటవేటరును పైకెత్తకముందే పి.టి.ఓ.ను ఆపుడు, ఎత్తిన స్థితిలో షాఫ్టు కీళ్లు ఎక్కువ వంగి, తిరుగుచుండగా త్వరగా అరిగిపోవును.