పెరటి తోటను అమర్చుకొను విధము

ఎకరాల కొలది వరి, ప్రత్తి, మిరప పండించు రైతు ఇంటిలోనే కూరకు సంతరోజు కొరకు కాచుకొని యుండుట కద్దు. కూర లేనినాడు పచ్చడితోను, మజ్జిగతోను భోజనము ముగియును. పెద్దలు దీనికి ఓర్చుకొందురు గాని, ఎదుగు పిల్లలకు ఈ లోటు హాని చేయును. ఆకుకూరలు, పండ్లు చాలనిచో ‘ఎ’ విటమిను కొరవడి రేచీకటి రావచ్చును. ముదిరినచో చూపే పోవచ్చును. రోజుకు మనిషికి కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఐదుగురున్న ఇంటికి 5 సెంట్ల పెరడు ఈ అవసరమును చాలవరకు తీర్చగలదు.

ఎండ, నీడ: మొక్కలు నాటుటకు ముందు ఎండ ఎటు పడునో చూచుకొనవలెను. మన ప్రాంతమున ఏడాదిలో ఎక్కువ కాలము మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకు పడును. కావున మునగ, బొప్పాయి, నిమ్మ, కరివేప చెట్లను ఉత్తరపు హద్దున నాటవలెను. వానిని దక్షిణమున నాటినచో మళ్లలోని వంగ, టమాటాలకు ఎండ చాలక కాపు తగ్గును. ఎరువు గుంతను చెట్ల నీడలో త్రవ్వవలెను. కంచెపై చిక్కుడు, బీర, కాకర పాకించినచో స్థలము కలిసివచ్చును. మళ్ల నడుమ రెండడుగుల బాట విడువవలెను. వాకిట మందార, నందివర్ధనము, మల్లె ఇంటికి అందమునిచ్చును. మామిడి వంటి పెద్ద చెట్లను గోడకు, బావికి దగ్గరగా వేయరాదు.

నీరు: స్నానపు నీటిని చిన్న కాలువ ద్వారా అరటి, చేమ పాదులకు మళ్లించవలెను. ఎక్కడను నిలువ ఉండనీయరాదు, దోమలు పెరుగును. ఈ సబ్బు నీటిని ఆకుకూర మళ్లకు పెట్టరాదు.

మళ్లు: తోటకూర విత్తనము సన్ననిది గనుక ఇసుకతో కలిపి చల్లవలెను. సుమారు నెలలో కోతకు వచ్చును. అన్ని మళ్లను ఒకేసారి విత్తక, పది దినములకొక మడి చొప్పున విత్తినచో కూర ఎడతెగక అందును. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని వెనుక ఒకటి అదే మడిలో వేసినచో తెగుళ్లు హెచ్చును. వాని తరువాత గోరుచిక్కుడు గాని, బెండ గాని వేయవలెను.

పురుగులు: పొలమునకు తెచ్చిన పురుగుమందును పెరటిలో చల్లరాదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి చొప్పున రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

స్థలము తక్కువైనను వెనుదీయనక్కరలేదు. ఒక మునగ, రెండు బొప్పాయిలు, మూడు చిన్న ఆకుకూర మళ్లతో మొదలు పెట్టవచ్చును. ఆకుకూరను కొద్ది నూనెతో వండి పిల్లలకు పెట్టవలెను. అప్పుడే అందలి ‘ఎ’ విటమిను సత్తువ ఒంటికి బాగుగా పట్టును.