సిమెంటు బలము

ఇల్లు కట్టించుట మగవారి పనియనియు, సిమెంటు సంగతి మనకేలయనియు తలంచు సోదరీమణులు పెక్కురు కలరు. మేమును అట్లే యుంటిమి. మూడేండ్ల క్రిందట మా పెరటి వసారాకు గచ్చు చేయించితిమి. వానకాలమంతయు గోడనానుకొని నేలపైననే పడియున్న బస్తాలను విప్పగా గడ్డలు కానవచ్చెను. మేస్త్రి వానిని చితుకగొట్టి, జల్లించి, "ఏమీ ఫరవాలేదమ్మగారూ" అని కలిపివైచెను. ఏడాది తిరుగకమునుపే, ఊడ్చినప్పుడెల్ల గచ్చునుండి పొడి రాలజొచ్చెను. అప్పుడుగాని మాకీ విషయము తెలిసికొనవలెనను బుద్ధి పుట్టలేదు.

సున్నపురాతిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిని కాల్చగా గోలీలవంటి ఉండలేర్పడును. వీనికి క్లింకరని పేరు. కొంచెము జిప్సము చేర్చి వీనిని విసరినదే సిమెంటు. ఇందు ముఖ్యమైనవి రెండు సిలికేటులు. ట్రైకాల్షియం సిలికేటు త్వరపడునది. మొదటి నెలలోని బలము చాలవరకు దానిదే. డైకాల్షియం సిలికేటు నిదానము గలది. నెల దాటిన పిదపను చిరకాలము బలము చేకూర్చుచుండును. ఇవిగాక అల్యూమినేటొకటి కలదు. నీరు తగిలినంతనే అది బిగిసికొన జూచును. దాని తొందర నాపుటకే జిప్సము. అది లేనిచో మేస్త్రి తాపీ ఆడించులోపలనే ముద్ద గట్టిపడును!

ఇక మెత్తదనము. రవ్వ నానుటకు కాలము పట్టును, పిండి వెంటనే నానును. ఇది మన వంటయింటి సంగతియే. నీరు మొదట రేణువు పైభాగముననే పనిచేయును. కావున మెత్తని సిమెంటు త్వరగా బలమునందును. ముతక రేణువుల నడిమిభాగము ఏండ్లు గడచినను నీరెరుగక యుండవచ్చును. ఒక కిలో సాధారణ సిమెంటులోని రేణువుల పైభాగమంతయు కలిపి 225 చదరపు మీటర్లకు తగ్గరాదని మనదేశపు నియమము. అట్లని మితిమీరి విసరుటయు మేలుకాదు. అట్టిది నీరెక్కువ కోరును, వేడెక్కును, బీటలకు దారితీయును, గాలిలోని చెమ్మకే చెడును. మా బస్తాలలో జరిగినది ఈ చివరిదే. అతిసూక్ష్మరేణువులు ముందే చెమ్మను త్రాగి గడ్డకట్టినవి. చితుకగొట్టిన పొడి వచ్చునుగాని, పోయిన బలము రాదు. జల్లెడకు ఆ భేదము తెలియదు.

బస్తాపైనుండు 43, 53 అను అంకెలు 28 నాళ్ల పరీక్షలో చదరపు మిల్లీమీటరునకు సిమెంటు ఓర్వవలసిన ఒత్తిడిని న్యూటనులలో తెలుపును. ఇంటి గచ్చునకు పెద్ద అంకె యక్కరలేదని మా యభిప్రాయము. బొగ్గుబూడిద కలిసిన సిమెంటు మెల్లగా బలపడును. దానిని సాధారణ సిమెంటువలె ఏడునాళ్లు తడిపిన చాలదు, పదినాళ్లకు తగ్గకూడదు, ఎండకాలమున పదునాలుగు నాళ్లు మేలు.

నిరుడు వేసవిలో ఆ గచ్చు త్రవ్వించి మరల వేయించితిమి. బస్తాపై ముద్రించిన వారమును, సంవత్సరమును చదివి కొత్తసరుకే తెప్పించి, చెక్కబల్లలపై పేర్పించితిమి. అది బూడిద కలిసిన రకము. నాలుగవనాడే మేస్త్రి చాలునన్నను, మేము పదునాలుగు నాళ్లును గోనెలు పరచి, ఉదయసాయంకాలములు తడుపుచునే యుంటిమి.