చిటికెన వేలు తిమ్మిరెక్కితే...

గోదావరిఖనిలో మెడనొప్పి కొత్త సంగతి కాదు. బొగ్గు బాయిలో తలెత్తి పైకప్పుకు బోల్టులు బిగించేవాళ్లకూ, ఓపెన్‌కాస్టులో మెడ తిప్పి తిప్పి డంపర్ రివర్స్ తీసేవాళ్లకూ అది రోజువారీ బాధ. చాలామందికి ఉండేది కండరాల పట్టే. కొద్దిమందికి డిస్క్ జారుతుంది. వాళ్లలోనూ ఎక్కడో ఒకరికి మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట జారుతుంది. దాన్ని పోల్చుకోవడమే కష్టం.

మెడలో పూసలు 7. చివరిదాన్ని సీ7 అంటారు. దాని కింద టీ1 నుంచి పక్కటెముకలు మొదలవుతాయి. మెడ ఎక్కువగా వంగేది సీ5, సీ6, సీ7 పూసల దగ్గర. అరుగుదలా, జారడమూ అక్కడే ఎక్కువ. టీ1 పక్కటెముకలతో బిగిసి ఉంటుంది, కదలిక తక్కువ. అందుకే సీ7-టీ1 మధ్య డిస్క్ జారడం తక్కువ, టీ1-టీ2 మధ్య జారడం మరీ అరుదు.

ఏ డిస్క్ అన్నది వేళ్లు చెబుతాయి. బొటనవేలు తిమ్మిరైతే అనుమానం సీ5-సీ6 మీదికి, నడిమి వేలైతే సీ6-సీ7 మీదికి పోతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి, రెక్కల మధ్య నొప్పి పుట్టి, పిడికిలి పట్టు సడలితే సీ7-టీ1 వైపు చూడాలి. అంగీ గుండీ పెట్టుకోవడం, తాళంచెవి తిప్పడం కష్టమవుతాయి. టీ1-టీ2 అయితే తిమ్మిరి ముంజేతి లోపలి వైపు, చంక దాకా పాకుతుంది.

మోచేతి దగ్గర నరం నలిగినా అవే రెండు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అయితే ఆ తిమ్మిరి సాధారణంగా మణికట్టు దాటి పైకి రాదు. ముంజేయి కూడా మొద్దుబారిందంటే, వేళ్లు చాచడంలోనూ బలం తగ్గిందంటే మూలం మెడ దగ్గర ఉండవచ్చు. ఈ తేడా డాక్టరుకు చెప్పుకోవాల్సింది రోగే. "చెయ్యి గుంజుతంది" అని ఊరుకుంటే సగం సమాచారం పోయినట్టే.

పక్కనుంచి తీసే ఎక్స్‌రేలో భుజాలు అడ్డొచ్చి సీ7-టీ1 చాలాసార్లు కనబడదు. బరువులెత్తి భుజాలు బలిసిన మనిషికైతే ఇంకా కష్టం. ఎంఆర్ఐలో కనబడుతుంది, కానీ అక్కడ వేరే చిక్కు. నలభై దాటినవాళ్లలో ఏ బాధా లేకపోయినా సీ5-సీ6 డిస్క్ కొంత ఉబ్బి ఉండటం మామూలే. రిపోర్టులో ఆ మాట చూసి నేరం దాని మీద మోపితే అసలు దోషి కింద మిగిలిపోతుంది. స్కాను టీ2 దాకా తీశారా, వేళ్ల తిమ్మిరికీ రిపోర్టుకూ పొంతన ఉందా అని అడగడం రోగి హక్కు.

బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. చేతి తిమ్మిరితో పాటు అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే టీ1 నరం దగ్గర డిస్కే కాదు, ఊపిరితిత్తి పైకొసన గడ్డ కూడా కారణం కావచ్చు. అప్పుడు ఛాతీ స్కాను తప్పదు.

చేతిలో బలం నిలకడగా ఉంటే తొందర అక్కర్లేదు. నొప్పి మందులు, కొన్నాళ్లు బరువు పనికి విరామం, ఫిజియోథెరపీతో ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. క్షవరం అయ్యాక మెడ పటుక్కుమనిపించుకునే సరదా మాత్రం పూర్తిగా మానాలి. బలం రోజురోజుకూ తగ్గుతున్నా, నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా ఆగకూడదు. అది వెన్నుపాము నలుగుతున్న సూచన కావచ్చు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ కూడా మామూలు మెడ ఆపరేషన్ లాంటిది కాదు. ముందునుంచి వెళ్తే ఛాతీ ఎముక, పెద్ద రక్తనాళాలు అడ్డం. డిస్క్ ముక్క పక్కకు జారి నరాన్ని మాత్రమే నొక్కుతుంటే వెనకనుంచి చిన్న రంధ్రం చేసి తీయడం చాలామందికి సరిపోతుంది. ముక్క మధ్యలో ఉండి వెన్నుపామును నొక్కితే ముందునుంచో పక్కనుంచో వెళ్లాలి, టీ1-టీ2 దగ్గర ఒక్కోసారి ఛాతీ ఎముకను కొంత కోయాల్సి వస్తుంది. ఇలాంటివి తరచూ చేసే న్యూరోసర్జన్‌ను వెతుక్కొని హైదరాబాద్ వెళ్లడం దండగ కాదు. నొప్పి త్వరగానే తగ్గినా అరచేతి కండరాలకు బలం రావడానికి నెలలు పడుతుంది. మళ్లీ ఏ డ్యూటీకి పంపాలో తేల్చేటప్పుడు బాయి పనిలో పట్టుకునే పనిముట్లు, ఎత్తే బరువులు డాక్టరుకు విడమరచి చెప్పాలి.