పెరటి కోళ్లకు బర్డ్ ఫ్లూ: సంఘ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ గ్రామాలలో పాడి ఉన్న ఇంట నాలుగు నాటుకోళ్లు కూడా ఉండడం వాడుక. పేడకుప్ప కెలికి బ్రతికే కోళ్లకు పెద్ద ఖర్చు లేదు. గుడ్ల డబ్బు చాలా ఇళ్లలో ఆడవారి చేతిలోనిది. కనుక పాల సంఘాల పత్రికలో కోళ్ల మాట ఎందుకని సభ్యులు అనుకోరని తలుస్తాము.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి, ఎన్.టి.ఆర్. జిల్లాలలోను కోళ్లు కుప్పలుగా చనిపోయినవి. భోపాల్ ప్రయోగశాల పరీక్షలో అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేలినది. అంటే మనకు ఇరువైపులా వచ్చి పోయినదన్నమాట.

ఈ వ్యాధి బాతుల వలన ఎక్కువగా వ్యాపిస్తుంది. చలికాలంలో కొల్లేటికి, కృష్ణ ముఖద్వారపు మడ అడవులకు వలస పక్షులు వస్తాయి. వరి కోసిన చేలలో బాతుల మందలు తిరుగుతాయి. బాతులో క్రిమి ఉన్నా పైకి జబ్బు కనిపించకపోవచ్చు. దాని రెట్ట పడిన నీరు తాగిన కోడి మాత్రం ఒకటి రెండు రోజులలో చనిపోతుంది. కనుక కార్తికం నుండి ఫాల్గుణం వరకు కోళ్లను చేలలోకి వదలరాదు. కాలువ నీరు కాక బోరు నీరు పెట్టవలెను. బాతులను, కోళ్లను ఒకే గూటిలో మూయరాదు. సంతలో కొన్న కోడిని, సంక్రాంతి బరి నుండి తిరిగి వచ్చిన పుంజును (పందెం వద్దని చెప్పినా వినేవారు తక్కువ!) మూడు వారాలు వేరుగా కట్టవలెను.

జుట్టు, తమ్మెలు నీలిరంగుకు మారడం, తల వాపు, కాళ్లపై ఎర్రని మచ్చలు, తోలుగుడ్లు దీని లక్షణాలు. ఏ లక్షణమూ లేకుండానే చనిపోవడమూ కలదు. కొక్కెర తెగులు కూడా కొంత ఇట్లే ఉంటుంది. చూపుతో తేల్చుకొనరాదు. కొక్కెరకు టీకా ఉన్నది, తప్పక వేయించండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు.

మాకు అన్నిటికంటె ఆందోళన కలిగించే అలవాటు వేరొకటి. కోళ్లు తూలుతుంటే చవకగా అమ్మివేయడం, చచ్చినదానిని కాలువలో పారవేయడం. ఆ కాలువే దిగువ ఊరికి పోతుంది. పైగా ఇది నష్టపు బేరం. వ్యాధి నిర్ధారణ అయిన తరువాత ప్రభుత్వం చంపించిన కోళ్లకే పరిహారం ఇస్తారు, వాటంతట అవి చచ్చినవాటికి ఇవ్వరు. దాచిన కొద్దీ పరిహారం తగ్గుతుంది. చచ్చిన కోడిని వట్టి చేతితో తాకక, కుక్కలు లాగకుండా గంప బోర్లించి, పశువైద్యశాలకు కబురు చేయండి. వారు నమూనా తీసికొన్న తరువాత లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతిపెట్టవలెను.

2024లో అమెరికాలో ఈ క్రిమి పాడి ఆవులకూ సోకి పాలలో కనిపించినది. పాశ్చరైజు చేసిన పాలలో అది బ్రతకదు. ఇంట కాచిన పాలకూ భయం లేదు. పచ్చిపాలు తాగరాదు. పచ్చి కోడిమాంసం పిల్లల చేతికి అందనీయరాదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఈ వ్యాధితో ఒక పసిపాప మరణించినది.

ఊరిలో ఎవరి కోళ్లు పోయినవో ఉదయం పాలు పోసే వేళకు సంఘం వద్ద తెలియక మానదు. ఒకే వీధిలో రెండిళ్లలో పోయినవని విన్న రోజునే కార్యదర్శులు పశువైద్యునికి తెలుపవలెను. సభ్యులు కోళ్లగూడు ఊడ్చిన కాళ్లతో పశువుల పాకలోకి పోకుండా, చేతులు సబ్బుతో కడుగుకొని పాలు పిదుకవలెను.