లెక్క చెప్పనివానికి పదవి లేదు

సత్యవేడు 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశమున చేరినది. అంతవఱకు అది మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలోనిది. ఉత్తరమేరూరును ఆనాడు ఆ జిల్లాలోనిదే. ఆ ఊరి ఆలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ. శ. 919, 921 ప్రాంతములలో చెక్కించిన రెండు శాసనములు నేటికిని కలవు. గ్రామసభ తన కార్యవర్గములకు సభ్యులను ఎట్లు ఎన్నుకొనవలెనో అవి తెలుపును.

ఊరిని 30 భాగములు చేసిరి. ఒక్కొక్క భాగమున అర్హులైనవారి పేర్లు తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి, కలియబెట్టి, ఒక బాలునిచేత తీయించెడివారు. దీనికే కుడవోలై యని పేరు. కుడమనగా కుండ, ఓలై యనగా తాటియాకు. ఇది నేటి ప్రజాస్వామ్యమే యని మురియరాదు. అది బ్రాహ్మణుల సభ. సొంత భూమియు, ఇల్లును, వేదవిద్యయు గలవారికే అందు ప్రవేశము. ఐనను అందలి నియమమొకటి మనసున నాటుకొనదగినది. పూర్వము పదవి వహించి లెక్క ఒప్పగింపనివాడు అనర్హుడు. అతని దగ్గఱి చుట్టములును అనర్హులే.

మన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమును ఈ మాటనే వేఱొక విధముగ చెప్పుచున్నది. పోటీచేసిన అభ్యర్థి తన ఖర్చును వ్రాసియుంచి, ఫలితము వెలువడిన 30 దినములలో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఒప్పగింపవలెను. తగిన కారణము లేక మానినచో ఎన్నికల సంఘము అతనిని మూడేండ్లు అనర్హునిగ ప్రకటింపవచ్చును.

ఖర్చునకు పరిమితియు కలదు. 2022లో సవరించిన నియమముల ప్రకారము ఆంధ్రప్రదేశమున శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి వ్యయము చేయరాదు. సత్యవేడు షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానము. కూలివాని బిడ్డ ధనవంతుని అండ లేకయే నిలువగలిగిననాడే ఆ కేటాయింపు సార్థకమగును. అండ ఇచ్చినవాడు, గెలిచినవానిని తన మాట వినుమనక మానడు. పరిమితి ఏర్పడుట ఇందుకే.

ఐతే గట్టు వేసినవారే గండిని విడిచిరి. పరిమితి అభ్యర్థికేగాని, పార్టీ తన పేర చేయు ప్రచారమునకు లేదు. పార్టీ పెట్టిన ఖర్చును అభ్యర్థి లెక్కలో చేర్చవలెనని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ యేడే చట్టమును సవరించి దానిని వెలిచేసిరి. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాత పేరును ఓటరునకు మఱుగుపఱచినవి. విరాళముల వివరము తెలిసికొనుట ఓటరు హక్కని చెప్పి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకమును కొట్టివేసెను.

అమెరికాలో పద్ధతి ఇందుకు తలక్రిందులు. అచ్చటి కేంద్ర ఎన్నికలలో అభ్యర్థికి ఇచ్చు విరాళమునకు హద్దు కలదు. అభ్యర్థి చేయు ఖర్చునకు లేదు. ఎన్నికల వ్యయము వాక్స్వాతంత్ర్యములోని భాగమని 1976లో అచ్చటి సుప్రీంకోర్టు చెప్పెను. అభ్యర్థులతో కలియక విడిగా ఐనచో కంపెనీలును ఎంతైన వెచ్చింపవచ్చునని 2010లో మఱియొక తీర్పు వచ్చెను. చట్టసభ్యులను తమవైపు త్రిప్పుకొనుటకు జీతమిచ్చి మనుష్యులను పెట్టుట అచ్చట బహిరంగమైన వృత్తి. వారు పేరు నమోదు చేసికొని తమ రాబడి తెలుపవలెనని 1995లో చట్టము చేసిరి. మనకట్టి చట్టము లేదు. ఓటరు పట్టికలో చేరు నియమములు అచ్చట రాష్ట్రమునకొక తీరు. మనకు దేశమంతటికిని ఒకే ఎన్నికల సంఘము.

దూరపు మాట యేల? చిత్తూరు ప్రక్కనే యున్న వేలూరులో 2019 ఏప్రిల్ నెలలో పెద్దమొత్తమున నగదు పట్టుబడగా లోకసభ ఎన్నికనే రద్దుచేసి, ఆగస్టు 5న మరల జరిపిరి.

ఓటునకు డబ్బిచ్చుటయే కాదు, పుచ్చుకొనుటయు నేరము. ఏడాదివఱకు జైలు శిక్ష. శిక్షకన్న పెద్ద నష్టము వేఱొకటి కలదు. ధర పుచ్చుకొన్నవాడు లెక్క అడుగలేడు. బడికి కప్పు వేయింపలేదేమని, చెఱువు పూడిక తీయింపలేదేమని అడిగినచో, నీకు ముట్టవలసినది ఆనాడే ముట్టినదిగదా యను జవాబు వచ్చును.

అభ్యర్థులు ఒప్పగించిన లెక్కను ఒక రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చునని ఎన్నికల నియమములలో కలదు. ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగిన పౌరశాస్త్ర పాఠమిది. ఎన్నికలు ముగిసి లెక్కలు చేరిన పిదప ఆ రూపాయితో వెళ్లువారు ఊరికొకరున్నను, ఉత్తరమేరూరు గోడమీది మాట సత్యవేటిలో అమలైనట్లే.