తెర మీద వేషం, తెర వెనుక మనిషి



రేడియో వినే అలవాటున్న మనకు ఒక సంగతి బాగా తెలుసు. 'ఈ పాటను కోరిన వారు' అంటూ పేర్లు, ఊళ్ళు చదువుతుంటారు కదా! ఏళ్ళ తరబడి వినగా వినగా ఆ పేర్లు చుట్టాల పేర్లలాగా అయిపోతాయి. ఒకప్పుడు బీహారులో ఉండి ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తిలైయా అనే చిన్న ఊరు దేశమంతటికీ తెలిసింది అలాగే. మనం ఆ మనుషుల ముఖం చూడలేదు, వాళ్ళ గొంతు కూడా వినలేదు. అయినా రోజూ వినబడే పేరు నాలుగు వారాలు వినబడకపోతే, పాపం ఏమైందో అనుకుంటాం. ఈనాటి నా ప్రసంగం అటువంటి పరిచయాల గురించే. అయితే అవి రేడియోలో కలిసిన పరిచయాలు కావు, కంప్యూటర్ ఆటలో కలిసినవి.

ముందే ఒక మాట మనవి చేయాలి. ఫాంటసీ ఆట అనగానే మనవైపు చాలామందికి క్రికెట్ ఆటగాళ్ళను ఎంచుకుని డబ్బు కట్టే ఆటలు గుర్తుకొస్తాయి. డబ్బు పెట్టి ఆడే అటువంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నేను చెప్పబోయేది ఆ ఆటల గురించి కాదు. మాంత్రికులు, రాక్షసులు, మాయాఖడ్గాలు, కీకారణ్యాలు ఉండే కల్పిత లోకపు ఆటల గురించి. మన కాశీమజిలీ కథల్లాంటి లోకం అన్నమాట. తేడా ఏమిటంటే, ఈ కథను ఒకరు చెప్పగా మరొకరు వినరు. వేలమంది ఒకేసారి అందులోకి వెళ్ళి, తలా ఒక పాత్ర ధరించి, కథను తామే నడుపుకుంటారు.

ఇది ఈ మధ్య పుట్టిన వింత కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ఇటువంటి ఆటకు శ్రీకారం చుట్టారు. అందులో బొమ్మలు లేవు, ఉన్నవన్నీ అక్షరాలే. ఎదుట ఏ దారి ఉందో, ఏ తలుపు ఉందో తెర మీద వర్ణన వస్తుంది. ఏం చేయాలో మనం టైపు చేయాలి. అదే సమయంలో మరొకరు కూడా అదే గదిలోకి రావచ్చు, మనతో మాట్లాడవచ్చు. ఆ తరవాత 1990ల చివరికి బొమ్మలతో కూడిన ఆటలు వచ్చాయి. 2004 నవంబరులో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ అనే సంస్థ 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటను విడుదల చేసింది. 2005 ఫిబ్రవరిలో అది ఐరోపాకు చేరింది. నెలనెలా చందా కట్టి ఆడాలి. 2010 నాటికి దానికి 1 కోటీ 20 లక్షల మంది చందాదారులు ఉండేవారు.

ఆట సాగే పద్ధతి ఇలా ఉంటుంది. ఆ లోకం పేరు అజెరాత్. అది మన ఇంట్లోని కంప్యూటర్‌లో ఉండదు, సంస్థవారి సర్వర్లలో ఉంటుంది. మనం ఆడినా, పడుకున్నా అది అక్కడ నడుస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక పాత్రను తయారు చేసుకోవాలి. మనిషా, మరుగుజ్జా, మరో జాతివాడా, వీరుడా, వైద్యం చేసేవాడా, దొంగా అన్నది మన ఇష్టం. చిన్న చిన్న పనులు సాధించుకుంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. పెద్ద రాక్షసులను ఒక్కడు గెలవలేడు. ఒకరు దెబ్బలు కాచుకోవాలి, ఒకరు గాయాలు మాన్పాలి, మిగిలినవాళ్ళు కొట్టాలి. అందుకని ఆటగాళ్ళు దళాలుగా ఏర్పడతారు. ఆ దళాన్ని గిల్డు అంటారు.

కొన్ని గిల్డులవారికి యుద్ధం మీద అంత ఆసక్తి ఉండదు. వాళ్ళకు ముఖ్యం వేషం. తాము ధరించిన పాత్ర ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడాలి, అలాగే కోపగించుకోవాలి, అలాగే ప్రేమించాలి. ఇది అర్థం కావడానికి మనం పుస్తకాలు తిరగేయనక్కరలేదు. చిత్తూరు వైపు, దాన్ని ఆనుకున్న తమిళనాడు ఊళ్ళలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు భారతం ఆడతారు కదా! అర్జునుడి వేషం కట్టినవాడు తపసు మాను ఎక్కేటప్పుడు కింద ఉన్న జనం అతణ్ణి ఊళ్ళో ఫలానా వారి అబ్బాయిగా చూస్తారా? ఆ పూటకు అతను అర్జునుడే. ఈ ఆటలో కూడా అంతే. కాకపోతే ఇక్కడ తెల్లవారినా వేషం తీయక్కరలేదు.

ఇటువంటి వేషం కట్టిన ఒక యువకుడి కథ చెబుతాను. నార్వే దేశస్థుడు, పేరు మాట్స్ స్టీన్. 1989లో పుట్టాడు. చిన్నతనంలోనే అతనికి డుషెన్ అనే కండరాల క్షీణత వ్యాధి ఉందని తేలింది. కండరాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు శరీరంలో తయారు కాకపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. పిల్లవాడు తరచుగా పడిపోతుంటాడు, నేల మీది నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించి లేస్తాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి చక్రాల కుర్చీ తప్పదు. తరవాత ఊపిరితిత్తులు, గుండె దెబ్బతింటాయి. స్టిరాయిడ్ మందులు జబ్బు వేగాన్ని తగ్గిస్తాయిగాని, పూర్తిగా నయం చేయలేవు. మనవైపు ఏ పిల్లవాడికి ఇటువంటిది వచ్చినా మేనరికం చేసుకోవడం వల్లే అని తల్లిని, తండ్రిని నిలదీయడం ఉంది. ఈ జబ్బు విషయంలో ఆ నింద సరికాదు. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అది తల్లి నుంచి కొడుక్కు రావచ్చు, వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ పుట్టవచ్చు.

మాట్స్ పెద్దవాడవుతున్నకొద్దీ శరీరం కదలికలు తగ్గాయి. చివరి ఏళ్ళలో అతని వశంలో ఉన్నవి దాదాపుగా చేతివేళ్ళే. వాటికి తగ్గట్టు అమర్చిన పరికరాలతో ఆడేవాడు. పగలూ రాత్రీ ఆటే. జీవితంలోని చివరి పదేళ్ళలో 15,000 నుంచి 20,000 గంటలు అతను ఆటలో గడిపాడని లెక్క కట్టారు. అంటే పదేళ్ళపాటు ఆఫీసులో పూర్తికాలం ఉద్యోగం చేసినంత! తల్లిదండ్రులకు ఇది బాధగానే ఉండేది. రాత్రి త్వరగా పడుకోమనేవారు. వాడు పడుకునేవాడు కాదు. రాత్రిపూటే కదా మిగిలినవాళ్ళు ఉద్యోగాలూ చదువులూ ముగించుకుని ఆటలోకి వచ్చేది! ఆ సంగతి అప్పట్లో వారికి తోచలేదు.

2014 నవంబరులో మాట్స్ చనిపోయాడు. అప్పటికి వయసు 25 ఏళ్ళు. తల్లిదండ్రులకు కొడుకు పోయిన దుఃఖం ఒకటైతే, దానికి తోడు మరొక దుఃఖం. మా వాడికి స్నేహితుడంటూ లేకపోయెనే, ప్రేమంటే తెలియకపోయెనే, మరొకరికి ఉపయోగపడే అవకాశం రాకపోయెనే అని. మాట్స్ తన జబ్బు గురించి, ఆట గురించి ఇంటర్నెట్టులో ఒక డైరీలాగా రాసుకుంటూ ఉండేవాడు. తండ్రి రాబర్ట్ స్టీన్ అందులోనే కొడుకు మరణవార్త రాసి, ఎవరైనా రాయదలచుకుంటే అని తన చిరునామా ఇచ్చాడు. ఒకటీ అరా జవాబు వస్తే గొప్ప అనుకున్నారు.

జవాబులు రావడం మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు. ఐరోపాలోని ఎన్నో దేశాల నుంచి, పేజీలకు పేజీలు. వాళ్ళలో మాట్స్‌ను కళ్ళతో చూసినవారు లేరు. వాళ్ళు ఎరిగినవాడి పేరు ఇబెలిన్. స్టార్‌లైట్ అనే గిల్డులో ఇబెలిన్ రెడ్‌మూర్ అనే దృఢకాయుడైన యువకుడు. ఆపద వస్తే నిలబడేవాడు, ఆడపిల్లలతో సరసంగా మాట్లాడేవాడు. నడవలేని మాట్స్ ఆటలోకి రాగానే చేసే మొదటి పని ఏమిటో తెలుసా? పరుగెత్తడం. రోజూ ఒకే దారిన చాలాసేపు పరుగెత్తి, ఆ తరవాతే మిగిలిన పనులు చూసుకునేవాడట.

నెదర్లాండ్స్ నుంచి ఒక అమ్మాయి రాసింది. ఆటలో ఆమె పాత్ర ఒకనాడు ఇబెలిన్ టోపీ లాక్కుని పారిపోయింది. అలా మొదలైంది వారి స్నేహం. ఆమె చదువు దెబ్బతింటోందని తల్లిదండ్రులు కంప్యూటర్ తీసేసుకున్నారు. అప్పుడు మాట్స్ ఆమె తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. మీ అమ్మాయికి అక్కడ స్నేహితులున్నారు, వారు ఆమెకు ముఖ్యం అని చెప్పాడు. ఒక నార్వే కుర్రవాడు పరాయి దేశంలోని పెద్దలకు పిల్ల తరఫున ఉత్తరం రాయడం! మనవైపు మేనమామలు చేసే పని అది.

మరొకరు డెన్మార్క్‌కు చెందిన ఒక తల్లి. ఆమె కొడుక్కు ఆటిజం ఉంది. ఎవరైనా ముట్టుకుంటే సహించలేడు, తల్లి దగ్గరికి తీసుకోవడం కూడా కష్టమే. అతను కూడా అదే ఆట ఆడతాడని తెలిసి, మీరిద్దరూ ఆటలోనే కలుసుకోండి అని సలహా ఇచ్చాడు మాట్స్. ఇంట్లో మాట్లాడుకోలేని తల్లీ కొడుకూ ఆటలో మాట్లాడుకున్నారు. అక్కడ కొడుకు పాత్ర తల్లి పాత్రను కౌగిలించుకుంది. మెల్లగా ఇంట్లోనూ వాళ్ళ మధ్య దూరం తగ్గింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మాట్స్‌ను దేవుణ్ణి చేసినట్టవుతుంది. అతను అలాంటివాడేమీ కాదు. జబ్బు ముదిరినప్పుడు చిరాకు పెరిగి స్నేహితులతో తగవు పెట్టుకున్నాడు, మనసు నొప్పించే మాటలన్నాడు. ఏళ్ళ తరబడి తన జబ్బు సంగతి గిల్డులో చెప్పలేదు. వారు కలుసుకునే వేడుకలకు రమ్మంటే ఏదో సాకు చెప్పేవాడు. తెలిస్తే జాలి చూపుతారని భయం కావచ్చు. అజెరాత్‌లో చక్రాల కుర్చీ లేదు, అక్కడ అతణ్ణి అందరూ మనిషిలాగానే కోప్పడ్డారు, మనిషిలాగానే ఇష్టపడ్డారు. చివరికి 2013లో డైరీలో తన పరిస్థితి రాశాడు. గిల్డువారికి తెలిసింది. తగవుపడిన వాళ్ళకు క్షమాపణ చెప్పుకున్నాడు. నా వరకు నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

అంత్యక్రియలకు నెదర్లాండ్స్, డెన్మార్క్, ఫిన్లాండ్ వంటి దేశాల నుంచి గిల్డు సభ్యులు కొందరు వచ్చారు. ప్రయాణపు ఖర్చు భరించలేనివారి కోసం మిగిలినవారు చందాలు వేసుకున్నారు. శవపేటిక మీద స్టార్‌లైట్ జెండా కప్పారు. గిల్డువారు దాచిపెట్టిన సంభాషణలు 42,000 పుటలదాకా ఉన్నాయి. వాటి ఆధారంగా బెంజమిన్ రీ అనే దర్శకుడు తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2024లో విడుదలయింది. ఆటలో జరిగినవాటిని అందులో బొమ్మలతో మళ్ళీ చూపించారు.

ఈ చిత్రం నాకు చూపించినవాడు మా అక్క కొడుకు. హోసూరులో చదువుకుంటున్నాడు. రాత్రి పన్నెండు దాటినా కంప్యూటర్ ముందు చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చుంటాడని నేను చాలాసార్లు కోప్పడ్డాను. 'మామా, ఒక్కసారి ఇది చూడు, తరవాత తిట్టు' అన్నాడు. చూశాను. తిట్టడం పూర్తిగా మానలేదు, ఎందుకు మానలేదో కూడా చెబుతాను. ఆట ఎప్పుడు ఆపాలో తెలియకపోవడం, తిండి, చదువు, పని అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, చెడు జరుగుతున్నా మానలేకపోవడం, ఇవి ఏడాదికి తగ్గకుండా కొనసాగితే దాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో అది ఉంది. కాళ్ళూ చేతులూ ఆడే కుర్రవాడికి మాట్స్ కథ ఒక సాకు కాకూడదు.

కాని వాణ్ణి ఇదివరకు ఎప్పుడూ అడగని ప్రశ్న ఆ రోజు అడిగాను. అవతల ఎవరురా ఉన్నది అని. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. బళ్ళారి అబ్బాయి ఒకడట, వాళ్ళ నాన్నకు ఆపరేషన్ అయిందట. బరంపురం వైపు మన తెలుగు పిల్లే ఒకామె, చదవడం రాయడం ఒడియాలో, తెలుగు మాట్లాడటం మాత్రం మనకన్నా బాగా వచ్చునట. మూడేళ్ళుగా మా ఇంట్లో రోజూ రాత్రి ఇంతమంది తిరుగుతున్నారని మాకెవరికీ తెలియదు!

మాట్స్ పోయిన తరవాత స్టార్‌లైట్ గిల్డువారు ఏటా అతని జ్ఞాపకార్థం ఆటలో ఒకచోట చేరుతున్నారు. అతను ఏ దారిన రోజూ పరుగెత్తేవాడో, అందరూ కలిసి ఆ దారినే పరుగెత్తుతారు.